మడలంక ఏడుపు కోటా

నమోదు 188

ఈ నాటకంలో మనుషుల చెయ్యి తప్ప ఇంకేదీ పడలేదని మడలంక నాటక సంఘం తరఫున తిరుమాని మోపిదేవి అనే నేను సాక్ష్యం చెబుతున్నాను. యంత్రాలు అల్లినది కాదని తెలియడానికి చేతిరాత జతచేయాలని, మా ఆటల్ని బయటికి అమ్మిపెట్టే ఎగుమతి మండలి వారు అన్నారు కనుక చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోయిన చోట నా వేలికి రొయ్య ముల్లు గుచ్చుకుందని అనుకోండి. పొద్దుటి నుంచీ కట్ట మీద రొయ్యలు ఎండబెడుతూనే ఉన్నాను.

సంఘంలో నా పని ఆట నడిపించడం. ఎవరు ఎప్పుడు రంగం మీదికి రావాలి, దీపం ఎటు తిప్పాలి, మాట మరిచిపోయిన వాళ్ళకి చాటు నుంచి ఎలా అందించాలి, అన్నీ నేనే చూస్తాను. మంచినీళ్ళ వంతు పట్టి ఇంట్లో దింపి వచ్చేసరికి, పంపుల షెడ్డు పక్కనున్న మా హాల్లో రిహార్సలు సగానికి వచ్చేసింది. ఈశాన్యం మూల నేల చెమ్మగా ఉంది. కట్టకి అవతల సముద్రం మా ఇళ్ళ చూరు ఎత్తున ఉంటుంది. పంపులు కాసేపు నిదానిస్తే ముందు ఆ మూలే తడుస్తుంది.

కొత్త నాటకం పేరు ‘ఓబయ్య పెద్దదినం’. పెళ్ళాంతో పోట్లాడిన ఓబయ్య అనే జాలరి పడవని నీళ్ళ మీద వదిలేసి పక్క లంకలో దాక్కుంటాడు. ఖాళీ పడవ ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఊరంతా ఏడ్చి, పెద్దదినం నాడు భోజనాలు పెడుతుంది. అదే రోజు ఆకలితో తిరిగొచ్చిన ఓబయ్య, భోజనం ఎవరి పేరునో కూడా అడక్కుండా తలమీద తువ్వాలు కప్పుకుని బంతిలో కూర్చుంటాడు. పక్కవాడు చచ్చిపోయినవాణ్ణి తిడుతుంటే ఆగలేక తగువుకి దిగుతాడు.

ఓబయ్య వేషం నాంచారయ్య బాబాయిది. ఈ లంకలో నవ్వు అంటే ఆయనే. పులుసు జుర్రుకుని, వడ్డిస్తున్న భార్య వైపు తువ్వాలు చాటు నుంచి చూసి, “బతికుండగా ఒక్కనాడన్నా ఇంత చిక్కటి పులుసు పోశావంటే? ముందే చెప్తే ముందే పోయేవాణ్ణి గదా” అన్నాడు. పంపులు చూసుకునే మీరావలి, చేతులకి గ్రీజుతోనే గుమ్మంలో నిలబడి, నవ్వు ఆగక గోడ పట్టుకున్నాడు.

భార్య వేషం సలోమిది. నాటకం రాసిందీ సలోమే. మా పక్కిల్లు, నా ఈడుది. మూడేళ్ళ క్రితం కట్ట తెగినప్పుడు ఆమె చెల్లెలు రాహేలు నీళ్ళలో పోయింది. ఆ సంగతితోనే సలోమి మొదటి నాటకం రాసింది, ‘కట్ట తెగిన రోజు’. అది లోకమంతా చూసింది. వచ్చిన దాంతో రెండు పంపులు, నెలనెలా వైద్యం పడవ, పిల్లలకి బడి మా లంకకి వచ్చాయి. తర్వాత రెండో భాగం కూడా పంపాం.

రిహార్సలు ముగించి, మండలి హాల్లో పెట్టిన కెమెరాల ముందు అసలు ఆట ఆడాక అందరూ నుదుట కాగితం అద్దుకున్నారు. ఆడింది మనుషులేనని చెప్పడానికి చెమట కూడా పంపాలి. ఈసారి కాగితాలు మామూలు కంటే తడిగా ఉన్నాయి. నవ్వించడానికి ఎక్కువ చెమట పడుతుందని పరీక్ష చేసేవారు గమనించగలరు.

నమోదు 193

లోకంలోని ఆటలు, పాటలు, బొమ్మలు అమ్ముడయ్యే చోటుని మేం పెద్దసంత అంటాం. అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు. అక్కణ్ణుంచి జవాబు వచ్చింది.

“సరుకు నాణ్యంగా ఉంది. వర్గం సరిపోలేదు. మడలంక కోటా: శోకం. ఉపవర్గం: మునక. తిప్పి పంపుతున్నాం.”

ఇంతవరకు మేం పంపినవి రెండూ ఏడుపు నాటకాలే కాబట్టి ఈ గోడ మాకు తగల్లేదు. ఎగుమతి మండలిలో గుమాస్తాని పిలిచి, మరి నవ్వు ఎవరి కోటా అని అడిగాను. అతను పాపం విసుక్కోకుండా చదివి వినిపించాడు. నవ్వు, ప్రేమ, నేర పరిశోధన పెద్ద నగరాలవి. కొండ దేశాలకి యుద్ధం. ఎడారులకి దాహం. డెల్టాలన్నిటికీ కలిపి మునక.

సలోమి గుమ్మంలో కూర్చుని మట్టగిడస చేపలు తోముతోంది. చెప్పాను. కాసేపు బూడిద రుద్దుతూనే ఉంది.

“అంటే మనం నవ్వాలంటే దిగుమతి చేసుకోవాలన్నమాట” అంది.

నమోదు 194

మండలి నుంచి పరాంకుశం గారు మాట్లాడారు. మా మొదటి నాటకాన్ని సంతకెక్కించిన అధికారి ఆయనే. చెడ్డమనిషి కాదు. ఆ మాట ఇక్కడ రాయకపోతే అన్యాయం. హాల్లో తెర మీద ఆయన ముఖం గోడంత ఉంది.

“సలోమి గారూ, మీ నాటకం చూసి నేను పడీపడీ నవ్వాను. మా ఆవిడకి కూడా చూపించాను.”

“అయితే అమ్మిపెట్టండి.”

“నేను నవ్వితే సరిపోదమ్మా. కొనేవాళ్ళు మీ దగ్గర వేరేది కోరుకుంటున్నారు. మీ ఏడుపు వాళ్ళకి సూటిగా తగులుతుంది. మీ నవ్వు తగలాలంటే ముందు మీరెవరో, ఏం తింటారో, దేనికి అలుగుతారో తెలియాలి. అంత ఓపిక ఎవరికుంది?”

“మేం ఏడ్చేటప్పుడు మేమెవరో తెలియక్కర్లేదాండీ?”

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అక్కర్లేదు” అన్నారు. నిజమే చెప్పారు.

తర్వాత అసలు సంగతికి వచ్చారు. ‘కట్ట తెగిన రోజు’ మూడో భాగం కావాలి. ఈసారి చెల్లెలి వైపు నుంచి చెప్పాలి. నీళ్ళలో ఆమె ఆఖరి క్షణాలు చూపించాలి. ఒప్పుకుంటే తుఫాన్ల కాలం రాకముందే కొత్త పంపు దింపుతారు. ఒప్పుకోకపోతే మా కోటా ఇంకో డెల్టాకి పోతుంది. దానితోపాటు వైద్యం పడవ కూడా.

“బెదిరిస్తున్నానని అనుకోకండి. ఉన్న మాట చెబుతున్నాను” అన్నారు.

సలోమి లేచి బయటికి వెళ్ళిపోయింది. అందరినీ అడిగి చెబుతామని నేనే అన్నాను.

నమోదు 197

ఇవాళ పంపుల షెడ్డులో ఊరంతా కూర్చుంది. పంపులు ఆపడం కుదరదు కనుక అందరూ గొంతు పెంచే మాట్లాడారు. కొట్లాట జరుగుతోందని దూరం నుంచి చూసినవాళ్ళు అనుకుని ఉంటారు.

ముందు మీరావలి లేచాడు. “వచ్చిన రెండు పంపుల్లో ఒకటి అప్పటికే పాతది, దాని షాఫ్టు అరిగిపోయింది. ఈ తుఫాన్లకి ఆగుద్దని నేను ఒట్టు పెట్టలేను. ముందే చెప్తన్నా, తర్వాత నన్ను అడగొద్దు.”

ఆ తర్వాత నాంచారయ్య బాబాయి మాట్లాడాడు. ఆయన నవ్వు పక్షాన ఉంటాడనుకున్నాం.

“పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి నవ్విస్తానే ఉన్నా. నా నవ్వుతో కట్ట మీదికి ఒక్క మట్టితట్ట ఎక్కలా. సలోమి ఏడిస్తే రెండు పంపులొచ్చినయ్. ఇంకోసారి ఏడిస్తే పోయేదేముందమ్మా? కన్నీళ్ళేగా. మనకి ఉప్పునీళ్ళకి కరువా?”

కొందరు నవ్వారు. సలోమి కూడా నవ్వింది. ఆపైన లేచి నిలబడింది.

“మొదటిసారి ఆడినప్పుడు నిజంగానే ఏడ్చా బాబాయ్. నన్నెవరూ అడగలా. నాకే ఆడాలనిపించింది. రాహేలు అనే మనిషి ఉండేదని నలుగురికీ తెలియాలనుకున్నా. రెండోసారి ఏడుపు రాలా. గొంతు ఎక్కడ వణికితే బాగుంటదో మోపిదేవిని అడిగా. అడిగానా లేదా?”

“అడిగావు” అన్నాను.

“చూశారా. అది చచ్చిపోవటం నాకు ఒక పని కింద మారిపోయింది. ఇప్పుడు దాని నోట్లోకి నీళ్ళెట్టా పోయినయ్యో కూడా ఆడి చూపించాలంట. ఆడతా. పంపొస్తది. పై ఏడు ఇంకో పంపు కావాల్సొస్తది. అప్పటికి రాహేలు అయిపోద్ది. ఆ తర్వాత ఎవర్ని తియ్యాలి? మీ ఇళ్ళల్లో ఎవరున్నారో చెప్పండి, రాసిపెడతా.”

ఆ షెడ్డులో ఎవరినీ పోగొట్టుకోని ఇల్లు లేదు.

మీరావలి మళ్ళీ లేచాడు. “మా ఆవిడ ఆ రోజు పేరెత్తితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోద్ది. రెండు నాటకాలూ చూళ్ళేదు. మనం అమ్మేది మనవాళ్ళే చూడలేకపోతే అదేం బేరం? షాఫ్టు సంగతి నేను చూసుకుంటా. ఆ ఆట మాత్రం వద్దు.”

చేతులెత్తమన్నాం. ఎక్కువమంది వద్దనే ఎత్తారు. అందరూ కాదు. బాబాయి చెయ్యి ఎత్తలేదు గాని, పోతూ పోతూ సలోమి భుజం తట్టి, “నవ్వించమంటే నేనెక్కడికి పోతా? పులుసు మాత్రం నిజంది పొయ్యండి” అన్నాడు.

జవాబు నేనే రాశాను. మండలి దగ్గర ఒక ప్రతి ఉంటుంది కాబట్టి ఇక్కడ కూడా అదే రాస్తున్నాను: “మడలంక ఇకమీదట చావులు పంపదు. మా దగ్గర ఉన్నది నవ్వు. కావాలంటే కొనండి. అక్కర్లేదంటే మానేయండి. మేం దేనికి ఏడవాలో మీరు చెప్పకండి.”

నమోదు 199

షాఫ్టు సంగతి చూసుకుంటానన్న మీరావలి ఏం చేశాడో ఇవాళ తెలిసింది.

లోకంలో కట్టల వెనక బతికే ఊళ్ళన్నిటిలోనూ పంపులవాళ్ళు ఉంటారు. వాళ్ళంతా వారానికోసారి రేడియోలో కలుసుకుంటారు. బేరింగులు, సీళ్ళు, ఏ గ్రీజు ఉప్పుకి ఆగుతుంది, ఇవే మాటలు. ఒకరి భాష ఒకరికి రాదు. పంపు చప్పుడు వినిపించి, రోగం అడుగుతారట. మీరావలి మా పాత పంపు చప్పుడు వినిపించి, షాఫ్టు ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాడు.

“ఊరికే అడిగితే ఏం బాగుంటదని మన నాటకం రికార్డు కూడా ఆ దారినే పంపించా” అన్నాడు.

“సంతలో పెట్టకుండానా?” అన్నాను.

“సంతోళ్ళు తిప్పి పంపారుగా. మన సరుకు మనింట్లో ఉంది. చుట్టాలకి పెట్టుకుంటే వాళ్ళకేంటి?”

సలోమికి చెప్పాం. వాళ్ళకి తెలుగు రాదు గదా, ఏం అర్థమవుతుందని ఆమె బెంగ. తువ్వాలు కప్పుకుని తింటున్నవాడు ఎవరికైనా అర్థమవుతాడని నేనన్నాను. నమ్మకంగానే అన్నాను గాని, నాకూ తెలియదు.

నమోదు 204

వైద్యం పడవ రాలేదు. మండలి మనుషులు వచ్చి హాల్లోని కెమెరాలు విప్పుకుని పోయారు. గోడకి వాటి మేకుల గుంతలు మిగిలాయి. సలోమి వాటిలో కొయ్యమేకులు దిగ్గొట్టి, తాళ్ళు కట్టి, వేషాలు ఆరేసింది.

రెండు కుటుంబాలు లంక వదిలి మెరక ఊళ్ళకి వెళ్ళిపోయాయి. వాటిలో ఒకటి అంకమ్మ వదినది. కొడుక్కి ఉబ్బసం, వైద్యం లేకుండా ఉండలేడు. పడవెక్కుతూ సలోమి ముఖాన్నే అంది, “నీ పౌరుషం నా పిల్లోడికి ఊపిరవుద్దా?”

వాళ్ళ బుట్టలు, కోళ్ళ గంప సలోమే పడవలోకి అందించింది. పిల్లవాడికి తల దువ్వింది. పడవ మలుపు తిరిగాక కట్ట మీద కూలబడి, “వదిన అన్నదాంట్లో తప్పేముంది?” అంది.

“తప్పు లేదు” అన్నాను. “మన తప్పు కూడా లేదు. వాడి ఊపిరికి వెలగా రాహేలు ఊపిరి కట్టమన్నవాళ్ళది తప్పు.”

ఈ కాగితాలు ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అయినా రాస్తున్నాను. మనుషులే చేశారని రాయమన్నారు గదా. ఇదీ మనుషులు చేసిందే.

నమోదు 211

మూడు రోజులుగా తుఫాను. ఇవాళ తెరిపి ఇచ్చింది కనుక రాస్తున్నాను.

పాత పంపు మొదటి పూటే ఆగిపోయింది. మీరావలి అన్నట్టే షాఫ్టు విరిగింది. రెండోది ఒక్కటే ఎంతని తోడుతుంది? ఊరంతా బిందెలు, తట్టలు, పాత డ్రమ్ములు పట్టుకుని షెడ్డు నుంచి కట్ట దాకా వరసగా నిలబడ్డాం. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నీళ్ళు అందించి అవతల పారబోశాం. మధ్యాహ్నానికి చేతులు మొద్దుబారాయి. వరస నిదానించింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

అప్పుడు వరస మధ్యలోంచి నాంచారయ్య బాబాయి గొంతు లేచింది. తువ్వాలు తలమీద కప్పుకుని, నిండు బిందె చేతిలో పట్టుకుని, ఎదురుగా ఉన్న సలోమితో, “బతికుండగా ఒక్కనాడన్నా ఇన్ని నీళ్ళు తోడిపెట్టావంటే?” అన్నాడు.

సలోమి బిందె అందుకుని పక్కకి అందిస్తూనే ఎదురు మాట వేసింది. “తోడితే స్నానం చేసే మొహమేనా నీది?”

ఇది నాటకంలో లేదు. ఇద్దరూ అక్కడికక్కడే కల్పించారు. వాళ్ళు అంటూ పోయారు, మేం అందించుకుంటూ పోయాం. వానలో తడుస్తూ, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ, చీకటి పడేదాకా తోడాం. మర్నాడూ అంతే.

తూర్పు మళ్ళన్నీ ఉప్పెక్కిపోయాయి. ఈ ఏడు అక్కడ గింజ పండదు. హాలు తలుపులు కొట్టుకుపోయాయి. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. లెక్క నేనే చూశాను, రెండుసార్లు.

నమోదు 216

గంగ సముద్రంలో కలిసే చోటున్న దీవుల నుంచి ఒక పడవ వచ్చింది. అందులోంచి దిగినామె పేరు రెహానా, మీరావలిలాగే పంపుల మనిషి. గోనెపట్టాలో చుట్టిన షాఫ్టు ఒకటి దింపించింది. వాడినదే, కానీ గట్టిది. ఆమె బెంగాలీ, మీరావలి ఉర్దూ కలిసి సగం సగం అర్థమైంది.

తుఫానుకి వాళ్ళు కూడా ఒక చావిట్లో తలదాచుకున్నారట. అక్కడ గోడ మీద మా ఓబయ్యని వేసుకుని చూశారట. ఒకసారి చూసి, మళ్ళీ వేయమన్నారట. ఆ తర్వాత తమవాళ్ళ పేర్లు పెట్టి తామే ఆడుకున్నారట. అదంతా చెప్పి, రెహానా తన కొంగు తలమీదికి లాక్కుని, ఆకు మీద వంగి జుర్రుతున్నట్టు చేసింది. అచ్చం బాబాయే.

బాబాయి ఆమెనే తేరిపార చూశాడు. మూతి కాస్త ఎడమకి తిప్పాలని చూపించాడు. ఆమె తిప్పింది. “ఆఁ, ఇప్పుడు తిను” అన్నాడు.

సాయంత్రం కట్ట మీదే ఆట వేశాం. పులుసు నిజంది పోశాం. మాటలు రాకపోయినా రెహానా మాకంటే ముందే నవ్వుతోంది, తర్వాత ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు మరి. మీరావలి భార్య మొదటి వరసలో కూర్చుని చివరిదాకా చూసింది.

బేరం సులువుగానే కుదిరింది. వాళ్ళు షాఫ్టు, ఉప్పు నేలలో మొలిచే వరి విత్తనం ఇస్తారు. మేం నాటకాలు ఇస్తాం. వరదలో మేకతో ఇంటికప్పు మీద చిక్కుకున్న మౌల్వీ కథ ఒకటి వాళ్ళది ఉంది, అది కూడా మాకు ఇస్తారు. ఆఫ్రికా డెల్టాల నుంచి ఇద్దరు పంపులవాళ్ళు ఓబయ్యని అడుగుతున్నారట. వాళ్ళ దగ్గర డాక్టర్లున్న పడవ ఉందట, ఈ తీరం వెంట వస్తూ పోతూ ఉంటుందట. ఆ పడవ ఇటు ఎప్పుడు తిరుగుతుందో ఇంకా తేలలేదు. అంకమ్మ వదినకి మాత్రం కబురు పంపాం.

నమోదు 224

పరాంకుశం గారు మళ్ళీ మాట్లాడారు. తెర తుఫానుకి పాడైంది కాబట్టి, రిహార్సలు జరుగుతున్న హాల్లోకి తెచ్చిపెట్టుకున్న రేడియోలోనే.

డెల్టాలన్నీ ఏదో చూసి నవ్వుతున్నాయని నగరాలకి తెలిసిందట. ఏమిటది అని పెద్దసంతలో అడుగుతున్నారట. నవ్వు వర్గంలో మడలంకకి ప్రత్యేక అనుమతి తెచ్చానని ఆయన సంతోషంగా చెప్పారు. ఆయన మాకోసం కష్టపడ్డారని గొంతులోనే తెలిసింది. షరతు ఒక్కటే. ఇకనుంచి వేరే డెల్టాలకి నేరుగా ఇవ్వకూడదు.

“అది కుదరదండీ” అంది సలోమి. “ఊళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవటం ఉంది. మీకూ ఇస్తాం. వాళ్ళకిచ్చినట్టే.”

“అలా ఇస్తే సంతలో విలువ ఉండదమ్మా.”

“మా ఇంట్లో ఉంటదండీ.”

ఆయన ఆ బేరం వదిలేసి, కొత్తది ఏమైనా రాస్తున్నారా అని అడిగారు. రాస్తున్నానని, రిహార్సలు జరుగుతోందని సలోమి చెప్పింది. అక్కకి వచ్చిన పెళ్ళి సంబంధాలన్నీ చెడగొట్టే ఒక చెల్లెలి కథ. పెళ్ళిచూపులకి నాయనమ్మ వేషం కట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్ళని పళ్ళు చూపించమంటుంది. ఇది కల్పించింది కాదు. అలా పోయిన ఒక సంబంధం నాకు గుర్తుంది. ఆ రోజు సలోమి అలిగి మా ఇంట్లో పడుకుంది.

“చెల్లెలి పేరు?” అన్నారు పరాంకుశం గారు.

“రాహేలండీ.”

ఆయన గొంతు తగ్గించి, “అయితే చివర్లో ఆ అమ్మాయి…” అని ఆగిపోయారు.

“చివర్లోనా?” అంది సలోమి. “అక్క పెళ్ళిలో లడ్లు కొంగున మూట కట్టుకుని, పడవెక్కి ఇంటికొచ్చేస్తదండీ.”

రంగం మీద నాయనమ్మ వేషంలో ఉన్న పిల్ల మాట మరిచిపోయి నావైపు చూస్తోంది. నేను వెళ్ళి అందించాను.